వరండా లైటు ఆర్పకుండా పిల్లలను కాపాడుట గురించి

టానర్స్ ఫోర్డ్,
అక్టోబరు పందొమ్మిది.

టానర్స్ ఫోర్డ్ గ్రామ పోలీసు అధిపతి రోలండ్ ఎంబ్రీ గారి సముఖమునకు,

పెద్ద రోడ్డుకు పడమటి వైపున ఉన్న ఒకే ఒక్క ఇంటి యజమాని, పశువుల దాణా మిల్లులో పని చేసి ప్రస్తుతము విశ్రాంతి తీసుకొనవలసియున్న వెండెల్ క్రౌడర్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: హాలోవీన్ నాటి సాయంత్రము చాక్లెట్ల కొరకు ఇంటింటికీ తిరుగు పిల్లలు నా ఇంటి లైటును చూచి పెద్ద రోడ్డు దాటుచున్నందున వారి ప్రాణరక్షణ గురించియు, సదరు లైటును ఆర్పుటకు వీలులేకుండుట గురించియు.

గ్రామ కార్యాలయంలోని గుమాస్తా నోరీన్ గారు నన్ను చూచి, "వెండెల్ గారూ, మీరిలా రోజూ వచ్చి కౌంటర్ దగ్గర అరిస్తే నేనేం చెయ్యను? అరుపుని ఫైల్లో పెట్టలేను కదా. నంబర్లు వేసి రాసుకురండి. ఏడుపులు లేకుండా రాయండి," అని సలహా ఇచ్చియున్నారు. కావున నంబర్లు వేసి వ్రాయుచున్నాను. ఏడుపుల విషయమై మాత్రం హామీ ఇవ్వజాలను.

1. తొలుత నా ఇంటి ఉనికిని గురించి విన్నవించుకొనునది ఏమనగా: ఊరు మొత్తము పెద్ద రోడ్డుకు తూర్పున ఉన్నది. నా ఇల్లు ఒక్కటే పడమట ఉన్నది. ఇందుకు నేను బాధ్యుడను కాను. మా తాత ఈ ఇల్లు కట్టినప్పుడు ఇక్కడ గుర్రబ్బండి బాట తప్ప మరేమీ లేదు. రోడ్డు తర్వాత వచ్చి మమ్మల్ని ఊరి నుంచి కోసేసింది. ఊరు వస్తున్నది, వేగము తగ్గించుడు అని చెప్పే బోర్డు నా ఇల్లు దాటిన తరువాత పాతారు. అంచేత లారీవాడు నా గుమ్మం ముందు నుంచి దూసుకుపోతున్నప్పుడు చట్టాన్ని అక్షరాలా పాటిస్తూనే దూసుకుపోతున్నాడు.

పైగా అక్టోబరు నెలాఖరు మొక్కజొన్న కోతల కాలం. వాన పడేలోగా గింజను గోదాముకు చేర్చాలని లారీలు ఒకదాని వెనక ఒకటి పరుగులు తీస్తుంటాయి. వాళ్ళనూ తప్పు పట్టలేను. నా జీవితమంతా ఆ గింజతోనే గడిచింది.

2. ఊరి ఆచారము తమకు తెలియనిది కాదు. హాలోవీన్ నాడు సాయంత్రము ఆరు గంటలకు ఫైర్ స్టేషన్ సైరన్ మ్రోగును. పిల్లలు వేషములు ధరించి, సంచులు పట్టుకొని బయలుదేరుదురు. వరండాలో లైటు వెలుగుచున్నది పెట్టే ఇల్లు. లైటు లేనిది పెట్టని ఇల్లు. ఆరిన ఇంటి వైపు పిల్లలు తలెత్తి అయినా చూడరు. ఎనిమిదింటికి రెండో సైరన్ మ్రోగగానే ఎవరిళ్ళకు వాళ్ళు. తమరు కూడా ఈ ఆచారములోనే పెరిగిరి. మిల్లు గేటు దగ్గర నేను చాక్లెట్లు పంచుచున్న రోజులలో తమరు ఏటా అదే అస్థిపంజరం వేషంలో వచ్చిరి. చివరి ఏటికి ఎముకలన్నీ మోకాళ్ళ పైనే ఆగిపోయినవి. ఇది ఆక్షేపణ కాదు. తమకు ఆచారము తెలియునని ఋజువు చేయుటకు మాత్రమే.

నిరుటికి ముందు ఏడు వరకు ఆ రెండు గంటలూ మా లైటు ఆర్పి ఉండేది. నేనూ, నా దగ్గర పెరుగుతున్న నా మనుమరాలు డెల్లా, ఇద్దరం అటు వైపు వెళ్ళి ఊళ్ళో తిరిగేవాళ్ళం. నిరుడు మొట్టమొదటిసారి లైటు ఆర్పలేదు. అందుకు కారణము మూడవ అంశములో గలదు. సైరన్ మోగిన కాసేపటికి రోడ్డుకు అటు గట్టు మీద పిల్లల గుంపు ఒకటి వచ్చి ఆగింది. మాటలు నాకు ఇక్కడికి వినబడుతున్నాయి.

"ఒరేయ్, కొత్త ఇల్లు! అదిగో వెలుగుతోంది!"

"వాళ్ళెప్పుడూ పెట్టరురా."

"ఎప్పుడూ పెట్టనోళ్ళు పెడితే పెద్దవే పెడతారు. పదండి!"

నేను మెట్లు దిగి, చేతులు ఊపుతూ, "ఆగండి! రావద్దు! వెనక్కి పొండి!" అని గొంతు చించుకుని అరిచాను. హాలోవీన్ నాడు ఒక ముసలివాడు చీకట్లోంచి చేతులు ఊపుకుంటూ అరుస్తూ వస్తే పిల్లలు ఏమనుకుంటారో తమరే ఊహించగలరు. "అబ్బ, తాత భలే భయపెడుతున్నాడే!" అని కేరింతలు కొట్టి ఇంకా గబగబా రోడ్డు మీదికి దిగారు.

ఆ గుంపులో అందరికన్నా వెనక, అందరికన్నా చిన్నది, పోస్టాఫీసు పక్కింటి కెండ్రా కూతురు లాటీ. నాలుగేళ్ళ పిల్ల. గబ్బిలం వేషం. తల నుంచి కాళ్ళ దాకా నలుపు. పెద్దవాళ్ళు దాటేశారు, ఇది దాటలేదు. లారీ బ్రేకు వేసిన చప్పుడు నేను వినలేదు, నా అరుపే నాకు వినబడుతోంది. లారీ రోడ్డుకు అడ్డంగా తిరిగి ఆగింది. గబ్బిలం రెక్క ఒకటి చక్రం కింద ఉంది. గబ్బిలం మాత్రం చక్రం పక్కన నిలబడి, నా వంక చూసి, "నా చాక్లెట్ ఏదీ?" అని అడిగింది.

లారీవాడు దిగి కాలవ గట్టున కూర్చుని ఏడ్చాడు. "నేను మీ లైటు చూశానండీ. పిల్లని చూడలేదు. మీ లైటు వంకే చూస్తున్నా," అన్నాడు. కెండ్రా పరుగెత్తుకు వచ్చి పిల్లను చంకన వేసుకుని నాతో అన్న మాట యథాతథముగా వ్రాయుచున్నాను: "లైటు వేసి పిలిచి మరీ చంపుతారా మా పిల్లల్ని?"  ఆ మాటకు జవాబు ఏడాదిగా వెతుకుతున్నాను.

3. సదరు లైటు వెలుగుచుండుటకు కారణము. నా ఏకైక కుమార్తె షెల్బీ, అనగా డెల్లా తల్లి, నిరుడు వేసవిలో ఇల్లు విడిచి వెళ్ళినది. ఎందుకు వెళ్ళినదో తమకు తెలియును కనుక ఇక్కడ వ్రాయుట అనవసరము. వెళ్ళిన కొన్నాళ్ళకు ఒకే ఒక్కసారి ఫోన్ చేసినది. నాతో మాట్లాడలేదు. డెల్లాను పిలవమన్నది. డెల్లా చెప్పిన ప్రకారం తల్లి అన్న మాటలివి: "హాలోవీన్‌కి వస్తా బంగారం. వరండా లైటు వేసి ఉంచు. లైటున్న ఇంటికే కదా ఎవరైనా వచ్చేది."

ఆనాటి నుంచి మా లైటు పగలూ రాత్రీ వెలుగుతోంది. మళ్ళీ ఫోన్ రాలేదు. ఆ నంబరు ఇప్పుడు లేదంటోంది. నిరుటి హాలోవీన్ వచ్చింది, పోయింది. గబ్బిలం వచ్చింది, లారీ వచ్చింది, కెండ్రా వచ్చింది, షెల్బీ మాత్రం రాలేదు. మర్నాడు స్విచ్చి మీద చెయ్యి వేశాను. డెల్లా వచ్చి నా చెయ్యి తీసేసింది.

"అమ్మ హాలోవీన్‌కి వస్తానంది తాతా. ఏ హాలోవీన్‌కో చెప్పలేదుగా," అంది.

అయ్యా, తమరు ఎన్నో కేసులు చూసినవారు. ఈ వాదమును ఖండించగల వకీలు ఎవరైనా ఉంటే నాకు చూపగలరు.

4. అర్జీదారుడు స్వయముగా చేసిన ప్రయత్నములు. (చేతులు ముడుచుకుని కూర్చున్నాడన్న అపవాదు రాకుండుటకై.)

నిరుడు లారీ వెళ్ళిపోయాక, లైటు ఆర్పకుండా కనబడకుండా చేద్దామని దాని మీద దుప్పటి కప్పాను. గాలికి దుప్పటి ఊగింది. లోపల లైటు, పైన ఊగే తెల్ల దుప్పటి. అటు గట్టు నుంచి చప్పట్లు వినిపించాయి. దయ్యం బాగుందట. మరో గుంపు బయలుదేరింది.

ఈ నెల మొదట్లో బల్బు మార్చి ఎర్రది పెట్టి చూశాను. మర్నాడే స్కూలు బస్సులో ఆ వార్త పాకింది. మా ఇంట్లో ఏదో ఉందని, ఈసారి తప్పకుండా రావాలని పిల్లలు మాట్లాడుకుంటున్నారని డెల్లా చాలా గర్వంగా వచ్చి చెప్పింది. ఎర్ర బల్బు తీసేశాను. రోడ్డు పక్కన "ఇక్కడ చాక్లెట్లు లేవు" అని బోర్డు రాసి పెట్టాను. ఆ రాత తక్కువ నమ్మకం కలిగించిందో, ఎక్కువ ఆశ కలిగించిందో, ఇద్దరు పిల్లలు సైకిళ్ళ మీద పగలే వచ్చి, "ఏ రకం లేవండీ?" అని అడిగిపోయారు.

నేనే తొట్టి నిండా చాక్లెట్లు తీసుకుని అటు వైపు కుర్చీ వేసుకుని కూర్చుంటానని కూడా అన్నాను. కాని నా తుంటి ఎముక సంగతి తమకు తెలియును. ఒకరికి పెడుతుండగా నా వెనక నుంచి పదిమంది దాటుతారు. "తాత ఇక్కడుంటే అక్కడ లైటెందుకు? అక్కడ అవ్వ ఉండుంటుంది, ఆవిడ ఇంకా ఎక్కువ పెడుతుంది," అంటారు. మా ఆవిడ పోయి చాలా కాలమైంది. పిల్లలకు అది ఎవరు చెబుతారు?

5. వివిధ కార్యాలయములలో జరిగిన కాలయాపన. రోడ్డు రాష్ట్రానిది కాబట్టి రాష్ట్రాన్ని అడగమని గ్రామము. వేగం సంగతి జిల్లా చూస్తుందని రాష్ట్రము. హాలోవీన్ గ్రామ వ్యవహారమని జిల్లా. ఇలా గుండ్రంగా తిరిగి వచ్చేసరికి ఆకులన్నీ రాలిపోయాయి. ఒక కార్యాలయంలో ఫోన్ ఎత్తిన అమ్మాయి మంచిదే.

"అక్కడ ప్రమాదం జరిగిందాండీ?" అని అడిగింది.

"త్రుటిలో తప్పిందమ్మా."

"తప్పినవి మేం తీసుకోమండీ. జరిగినవే తీసుకుంటాం."

"అయితే జరిగాక ఫోన్ చెయ్యనా తల్లీ?"

"అలాగేనండీ," అంది. అన్నాక తనకే అర్థమైనట్టుంది.

గ్రామ సభలో అందరి ముందూ లేచి నిలబడ్డాను. అధ్యక్షులవారు ఎంతో సౌమ్యముగా, "వెండెల్ గారూ, ఒక్క స్విచ్చి. రెండు గంటలు. ఆర్పెయ్యండి, అయిపోతుంది," అన్నారు. హాలంతా నా వైపు తిరిగి చూసింది. మూడో వరుసలో కెండ్రా ఉంది, ఒళ్ళో లాటీ నిద్రపోతోంది. నేను కూర్చున్నాను. మొండి ముసలాడు అనుకున్నారు. అనుకోనీ.

తిరిగి వెళ్తుంటే నోరీన్ గారు కోటు వేసుకుంటూ, "ఇంత గోల ఎందుకండీ? రోలండ్ వచ్చి పోలీసు బండి రోడ్డుకు అడ్డం పెట్టి లైట్లు తిప్పితే ఏ లారీ ఆగదు? ఆ ఒక్క మాట మాత్రం మీరెందుకు అడగరు?" అన్నారు. ఇందుకు సమాధానము ఆరవ అంశములో గలదు.

6. ఈ అంశము క్రింద వ్రాయవలసినది ఇప్పుడు వ్రాయలేను. నంబరు వేసి వదిలిపెట్టుచున్నాను. చివర వ్రాయుదును.

7. ఇప్పుడు ఈ అర్జీ ఇంత తొందరగా వ్రాయుటకు అసలు కారణము. నిన్న సాయంత్రము కారు షెడ్డులో నూనె డబ్బా కొరకు పోగా, గోడకు ఆనించి ఒక పెద్ద అట్ట కనబడినది. ఎనిమిది మూలలుగా కత్తిరించి, ఎర్రరంగు పూసి, మధ్యలో తెల్లగా ఆగుము అని వ్రాసి ఉన్నది. పైన తల పట్టుటకు రంధ్రము, పక్కల చేతులకు రంధ్రములు. రంగు ఇంకా తడి ఆరలేదు. డెల్లా నా వెనకే వచ్చి నిలబడింది. వేళ్ళన్నీ ఎరుపు.

"ఇదేనా ఈ ఏడాది నీ వేషం?" అన్నాను.

"ఊఁ. బావుందా?"

"బావుంది. మొన్నటిదాకా నక్క అన్నావు కదా?"

"నక్క లారీని ఆపలేదు కదా తాతా," అంది.

 తనకేమో చాలా సంతోషంగా ఉంది, చేతులు తిప్పుతూ చెబుతోంది. "మా స్కూలు దగ్గర పిల్లల్ని రోడ్డు దాటించే ఆవిడ ఆగుము పలక పైకెత్తితే బండ్లన్నీ ఆగిపోతాయి, ఒక్కటి కూడా కదలదు. నేనేమో పలక ఎత్తక్కర్లేదు, నేనే పలక. రోడ్డు మధ్యలో నిలబడతా. లారీలు ఆగుతాయి. పిల్లలొస్తారు. లాటీని నేనే చెయ్యి పట్టుకుని తీసుకొస్తా. లైటు ఆర్పక్కర్లేదు. అందరికీ సరిపోయింది కదా తాతా?"

అందరికీ సరిపోయింది. రాష్ట్రము, జిల్లా, గ్రామము కలిసి చేయలేనిది ఎనిమిదేళ్ళ పిల్ల ఒక అట్టముక్కతో చేసేసింది. రోడ్డు మధ్యలో, మసక చీకట్లో, లోడు లారీకి ఎదురుగా. నేను పిల్లను పట్టుకుని షెడ్డులోనే నేల మీద కూర్చుండిపోయాను. "వద్దమ్మా, వద్దు, వద్దు," అంటున్నాను. "అయితే లైటు ఆర్పేస్తావా?" అని ఏడ్చింది. నా కోటంతా ఎర్రరంగు అయింది. అట్టను దాచేశాను. దాచి ఏం లాభం? ఊళ్ళో అట్టలకు కరువు లేదు. ఆ రెండు గంటలూ డెల్లాను గదిలో పెట్టి తాళం వేయమన్నారు నోరీన్ గారు. తల్లి వస్తుందని ఏడాదిగా చూస్తున్న పిల్లను, తల్లి వస్తానన్న రోజున, గదిలో పెట్టి తాళం వేయాలి. తమరైతే వేయగలరా?

కావున తమ సముఖమున ప్రార్థించునది ఏమనగా:

ఆ రెండు గంటలు లారీలను పొలాల వెంట పోవు కోతల బాటగుండా మళ్ళించవలెను. అది వీలుకానిచో వేగము తగ్గింపు బోర్డును పీకి, లారీలు వచ్చు ఉత్తరపు వైపున, నా ఇంటికి ముందే పాతవలెను. గొయ్యి నేను తవ్వెదను. అదియు వీలుకానిచో అగ్నిమాపక దళ కుర్రవాళ్ళను ఇద్దరిని రోడ్డుకు చెరో పక్కన లాంతర్లతో నిలబెట్టవలెను. ఏదియు జరగనిచో, సైరన్ మ్రోగిన వెంటనే నా పాత ట్రక్కును రోడ్డుకు అడ్డముగా నిలిపి, తాళము కాలవలో పారవేసి, బానెట్ మీద కూర్చుందును. ఇది నేరమని నాకు తెలియును. దీనిని ముందస్తు నేరాంగీకారముగా స్వీకరించి, నన్ను అరెస్టు చేయునపుడు డెల్లాను నోరీన్ గారి ఇంట దింపవలెను. దానికి రాత్రిపూట పాలలో తేనె కలపవలెను, పంచదార కాదు.

అయితే తమ పోలీసు బండి మాత్రము మా ఇంటి ముందు నిలుపవద్దని వేరుగా ప్రార్థించుచున్నాను.

6. (పైన వదిలినది.) షెల్బీ గోదాములో బరువులెత్తి నడుము విరుచుకున్నది. డాక్టరు నొప్పి మాత్రలు ఇచ్చాడు. డాక్టరు ఇవ్వడం ఆపేసినా మాత్రలు ఆగలేదు, దొంగచాటుగా కొనడం మొదలుపెట్టింది. మిగిలినది తమకు నాకన్నా బాగా తెలియును, ఎందుకనగా వచ్చి తీసుకుపోయినవారు తమరే. డెల్లా అప్పుడు స్కూల్లో ఉన్నది, అది చూడలేదు. దానికి ఇప్పటికీ తెలియదు. నేను చూశాను. తమ బండి లైట్లు ఎర్రగా నీలంగా మా వరండా గోడల మీద తిరుగుతున్నాయి. షెల్బీ నన్ను చూసి, "నువ్వే పిలిచావా నాన్నా?" అంది. నేను పిలవలేదు. లేదని తల ఊపాను, కానీ అది అప్పటికే మొహం తిప్పుకుంది. దానికి చలి వేస్తోందని తమరు తమ కోటు తీసి భుజాల మీద కప్పిరి. ఆ సంగతి నేను మరచిపోలేదు. చచ్చేదాకా మరచిపోను.

జామీను మీద బయటికి వచ్చిన తరువాత కోర్టు రోజుకు అది వెళ్ళలేదు. ఊరే విడిచి వెళ్ళిపోయింది. వారెంటు ఇంకా అమలులోనే ఉన్నదా అని నోరీన్ గారిని అడిగాను. ఆవిడ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నాకు అర్థమైనది.

ఇప్పుడు తమరు ఆలోచించవలెను. అది ఆ సాయంత్రమే రావచ్చు. ఎవరి కారులోనో, ఏ లారీలోనో, నడిచో. పెద్ద రోడ్డు మలుపు దగ్గర నుంచి మా ఇల్లు కనబడుతుంది. లైటు కోసం చూస్తుంది. లైటుకు బదులు తమ బండి కనబడితే, ఎర్రగా నీలంగా అవే లైట్లు అదే గోడ మీద తిరుగుతుంటే, అది ఏమనుకుంటుంది? "మళ్ళీ నాన్నే పిలిచాడు," అనుకుంటుంది. వెనక్కి తిరుగుతుంది. ఈసారి వెనక్కి తిరిగితే ఇక రాదు. అందుకని అడగలేదు. నోరీన్ గారితో ఈ మాట చెప్పలేక అరిచాను, ఆవిడకు నా తరఫున క్షమాపణ చెప్పవలెను.

నంబర్లు వేసి వ్రాసినది వ్రాసినట్టుగా, నంబర్లలో ఇమడనిది ఇమడనట్టుగా, రెంటినీ తమరు ఒక్క చూపున చిత్తగించవలెను.

తమ విధేయుడును, ఒకప్పుడు తమ సంచిలో అందరికన్నా ఒక గుప్పెడు ఎక్కువ వేసినవాడునగు,

వెండెల్ క్రౌడర్

తా.క. రోలండూ, అర్జీ పైన అయిపోయింది. ఇది నీకు.

కవరు అంటిస్తుంటే డెల్లా వచ్చి బల్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. "పోలీసాయన్ని రమ్మని రాశావా తాతా?" అని అడిగింది. లేదన్నాను. "ఎందుకు? ఆయన బండి మీద లైటు మన లైటుకన్నా పెద్దది కదా. లారీలన్నీ ఆగిపోతాయి. అమ్మకి కూడా ఎంత దూరం నుంచైనా కనిపిస్తుంది," అంది.  పాలు కాచుకొస్తానని చెప్పి వంటింట్లోకి పోయాను.

వంటింటి సొరుగులో లాటీ గబ్బిలం రెక్క ఉంది. నిరుడు రోడ్డు మీద నుంచి తీసి దాచాను, తిరిగి ఇవ్వడానికి మొహం చెల్లలేదు. దాని మీద టైరు అచ్చు అలాగే ఉంది. పాలు పొంగిపోయేదాకా దాన్ని పట్టుకుని నిలబడ్డాను. నా కూతురు వస్తుందో రాదో నాకు తెలియదు, రోలండూ. ఊళ్ళో పిల్లలు మాత్రం వస్తారు. సైరన్ మోగగానే వస్తారు. డెల్లా ఎక్కడో ఒక అట్ట సంపాదిస్తుంది. కాబట్టి ఆరో అంశం కొట్టేసుకో.

వచ్చెయ్యి. బండి వేసుకుని మొదటి సైరన్‌కి ముందే వచ్చి రోడ్డుకి అడ్డంగా పెట్టు. అన్ని లైట్లూ వెయ్యి. డెల్లా తన అట్ట తొడుక్కుని నీ పక్కన నిలబడుతుందట. గడ్డి మీదే ఉంటానని, రోడ్డు మీద కాలు పెట్టనని నాకు మాటిచ్చింది. లాటీని నువ్వే ఎత్తుకుని దాటించు. కెండ్రా చూసేటట్టు దాటించు. డెల్లా నీకోసం పెద్ద చాక్లెట్ ఒకటి తీసి పెట్టింది. దాని పక్కన ఇంకొకటి కూడా పెట్టింది, అది మాత్రం ముట్టుకోకు.

నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. రెండో సైరన్ మోగగానే ఆ ఎర్ర లైట్లూ నీలం లైట్లూ ఆపేసి వెళ్ళిపో. కాఫీకి ఆగొద్దు. నేను మర్యాదకి పిలిచినా ఆగొద్దు. మా వరండా లైటు ఎప్పటిలాగే వెలుగుతూ ఉంటుంది. మెల్లగా, ఊళ్ళోకి, అందరికీ కనిపించేలా వెళ్ళు. మలుపు దగ్గర చీకట్లో ఎవరైనా నిలబడి చూస్తుంటే, నువ్వు వెళ్ళిపోయావని వాళ్ళకి తెలియాలి.